టెక్సస్‌లో మావాడి మీద దొంగతనం కేసు. ఫైన్ ఆన్‌లైన్‌లో కట్టేస్తే అయిపోతుందా?

గాంధీరోడ్డు పాత్రలషాపు (తిరుపతి)

అందరికీ నమస్కారం. నాకు తిరుపతి గాంధీ రోడ్డులో స్టీలు, ఇత్తడి పాత్రల అంగడి ఉంది. మావాడు డల్లాస్ పక్కన ఎమ్మెస్ చదువుతున్నాడు, రెండో సెమిస్టర్. ఈ సంగతి మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలీదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. బంధువుల్లో అమెరికాలో ఉన్నవాళ్లు ఉన్నారు కానీ వాళ్లను అడిగితే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పోయిన శనివారం వాడు ఒక పెద్ద స్టోర్‌కి సరుకులకు పోయినాడు. అక్కడ మన సరుకులు మనమే స్కాన్ చేసుకుని డబ్బు కట్టే మిషన్లు ఉంటాయట. పదమూడు వస్తువుల్లో నాలుగు స్కాన్ చేయకుండా సంచిలో వేసుకున్నాడు. ట్రిమ్మరు, షాంపూ, బాదంపప్పు ప్యాకెట్, ఫోన్ చార్జరు. నాలుగూ కలిపి 71 డాలర్లు. మర్చిపోయావా నాయనా అని మూడుసార్లు అడిగాను. మూడోసారి "లేదు నాన్నా, తెలిసే చేశాను" అన్నాడు. ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

వాకిలి దగ్గరే ఆపి లోపల గదిలోకి తీసుకుపోయారట. గంటన్నర కూర్చోబెట్టి, ఏదో కాగితం రాయించి సంతకం పెట్టించుకున్నారు. తర్వాత పోలీసు వచ్చి వివరాలు రాసుకుని, ఒక టికెట్ చేతికిచ్చి పంపించేశాడు. బేడీలు వేయలేదు, వేలిముద్రలు తీసుకోలేదు. ఆ టికెట్ ఫొటో నాకు పంపాడు. 100 డాలర్ల లోపు దొంగతనం, క్లాస్ సి అని ఉంది. మూడు వారాల్లోపు మున్సిపల్ కోర్టుకు జవాబు ఇవ్వాలట.

వాడి రూమ్మేట్లు ఏమంటున్నారంటే, ఇది స్పీడింగ్ టికెట్ లాంటిదే, ఆన్‌లైన్‌లో "నో కాంటెస్ట్" అని నొక్కి ఫైన్ కట్టేయ్, ఎవడికీ తెలీదు అంటున్నారు. ఒక లాయర్‌ని అడిగితే 1,200 డాలర్లు అన్నాడట. లక్ష దాటుతుంది. 71 డాలర్ల దానికి లక్ష రూపాయల లాయరా అని వాడే వద్దంటున్నాడు.

నా అంగట్లో కూడా ఇట్లాంటివి జరుగుతుంటాయి. ఆరేడేళ్ల కింద బ్రహ్మోత్సవాల రద్దీలో ఒక పిల్లోడు ఇత్తడి కుంది చొక్కా లోపల దూర్చుకున్నాడు. నేనే పట్టుకున్నాను. చెయ్యి పట్టుకుంటే వణికిపోతున్నాడు, కుంది అంచు కడుపుకి గీసుకుని ఎర్రగా చార పడింది. వాళ్లమ్మ వచ్చి ఏడ్చింది. కుంది తీసుకుని పంపించేశాను, స్టేషన్ మాట కూడా ఎత్తలేదు. ఆ స్టోర్ మేనేజర్ కూడా మనిషే కదా, డబ్బు కట్టేసి క్షమాపణ చెప్తే కేసు వాపస్ తీసుకోడా? డిసెంబర్‌లో మా అమ్మాయి పెళ్లి. వాడు రావాల. వస్తే తిరిగి పోనిస్తారా?

తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. తిట్టాలనుకుంటే తిట్టండి, పడతాను. దారి మాత్రం చెప్పండి.

---

సాఫ్ట్‌వేర్ సురేశ్ (రేణిగుంట)

అన్నా, టెన్షన్ పడొద్దు. క్లాస్ సి అంటే జైలు లేదు, ఫైన్ మాత్రమే, ఎక్కువలో ఎక్కువ 500 డాలర్లు. మా రూమ్‌లో ఒకడు ఇట్లానే కట్టేశాడు, ఏమీ కాలేదు. లాయర్లకు డబ్బు తగలేయకండి.

---

గ్రీమ్స్‌పేట అమ్మాయి (చిత్తూరు, ఇప్పుడు డల్లాస్)

అన్నగారూ, ఫైన్ కట్టనివ్వకండి. ముందు మీవాడికి ఫోన్ చేసి ఆ వెబ్‌సైట్‌లో ఏమీ నొక్కవద్దని చెప్పండి. తర్వాత మిగతాది చదవండి.

సురేశ్ గారు చెప్పినదాంట్లో జైలు లేదన్నది, 500 డాలర్లన్నది నిజమే. ఏమీ కాదన్నది నిజం కాదు. నాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. పదకొండేళ్లుగా ఇక్కడి కోర్టుల్లో తెలుగు ఇంటర్‌ప్రిటర్‌గా పని చేస్తున్నాను. నేను లాయర్‌ని కాను. కానీ మన పిల్లలు జడ్జి ముందు నిలబడి ఏం చేసుకుంటారో పక్కనే నిలబడి చూసేది నేనే.

"నో కాంటెస్ట్" అన్న మాట దగ్గరే మనవాళ్లు పడిపోతారు. నేరం ఒప్పుకోవడం లేదు, కాదని వాదించడమూ లేదు, ఇదీ దాని అర్థం. వినడానికి మధ్యేమార్గంలా ఉంటుంది. మనకు మధ్యేమార్గం అంటే ఇష్టం, పెద్దమనుషుల్లో కూర్చుని తేల్చుకున్నట్టు అనిపిస్తుంది. కోర్టు లెక్కలో మాత్రం అది శిక్షకు ఒప్పుకున్నట్టే. టెక్సస్‌లో ఇలాంటి టికెట్‌కి ఊరికే డబ్బు కట్టినా నో కాంటెస్ట్ చెప్పి దోషిగా తేలినట్టే చట్టం లెక్కేస్తుంది. స్పీడింగ్‌కి అలా కట్టేస్తే నష్టం లేదు. ఇది దొంగతనం. అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో నీతి తప్పిన నేరాలని ఒక వర్గం ఉంది, దొంగతనం సాధారణంగా అందులోకే వస్తుంది. విలువ 71 డాలర్లా 7,000 డాలర్లా అన్నది ఆ పేరు మార్చదు.

ఒక్క చిన్న నేరానికి మినహాయింపు ఉంది, కాబట్టి రేపే పంపించేస్తారని భయపడకండి. కానీ వీసా స్టాంపింగ్ దగ్గర, రేపు ఓపీటీ (చదువు తర్వాత ఉద్యోగం చేసుకునే అనుమతి), హెచ్-1బి దగ్గర, గ్రీన్‌కార్డు దగ్గర ప్రతిసారీ ఆ కాగితం తీసి చూపించి వివరణ ఇచ్చుకోవాలి. అలాంటిదే రెండోది జరిగితే ఆ మినహాయింపు కూడా పోతుంది. 2025 ఏప్రిల్‌లో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (విద్యార్థి హోదా చూపించే ప్రభుత్వ రికార్డులు) ఒక్కసారిగా రద్దు చేశారు. వాళ్లలో చాలామందికి చిన్న చిన్న పోలీసు కేసులే, కొట్టేసిన కేసులు కూడా ఉన్నాయి. కోర్టుల్లో దావాలు పడ్డాక నెలాఖరుకి వెనక్కి ఇచ్చారు. ఈ లోపు ఎంతమంది తల్లిదండ్రులు మీలాగే నిద్ర లేకుండా గడిపారో.

ఇంకో ఉచ్చు ఉంది. కోర్టులో "డిఫర్డ్" అని ఒకటి ఇస్తారు. ఇప్పుడు నో కాంటెస్ట్ అను, మూడు నెలలో ఆరు నెలలో బుద్ధిగా ఉండు, తర్వాత కేసు కొట్టేస్తాం అంటారు. ఇక్కడ పుట్టినవాళ్లకు అది మంచి బేరం. మీవాడికి కాదు. నో కాంటెస్ట్ అని, దాంతోపాటు కోర్టు ఏ షరతు పెట్టినా, తర్వాత కొట్టేసినా సరే, ఇమిగ్రేషన్ దాన్ని శిక్ష కిందే లెక్కిస్తుంది. ఏమీ ఒప్పుకోకుండానే కేసు పక్కన పెట్టే డైవర్షన్ వేరే ఉంటుంది. అది దొరుకుతుందా అన్నది ఊరిని బట్టి, ప్రాసిక్యూటర్‌ని బట్టి. లాయర్ చేయాల్సిన పని అదే.

గవర్నమెంట్ లాయర్‌ని ఇస్తారు కదా అంటారు. 1963లో గిడియన్ కేసులో సుప్రీంకోర్టు పెద్ద నేరాలకు ఆ హక్కు ఇచ్చింది. 1979లో స్కాట్ కేసులో మాత్రం, జైలు పడని కేసుకు ఇవ్వాల్సిన పని లేదంది. క్లాస్ సికి జైలు లేదు కాబట్టి ఉచిత లాయర్ లేడు. 2010లో పాడిల్లా కేసులో, నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందని లాయర్ ముందే చెప్పి తీరాలని తీర్పు వచ్చింది. లాయరే లేనివాడికి చెప్పేదెవరు?

పోయిన ఏడాది ఒక అబ్బాయి. ఏ కోర్టో, ఏ ఊరో చెప్పను. పొద్దున్నే నలభై యాభై మంది ఉన్న హాలు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్, అందులో టెన్త్ మార్కుల మెమో నుంచి అన్నీ పెట్టుకొచ్చాడు. జడ్జి ఎదుట మెరిట్ చూపిస్తే కనికరిస్తారనుకున్నాడు పాపం. జడ్జి హక్కులు చదువుతున్నారు, నేను తెలుగులో చెప్తున్నాను. ప్రతి వాక్యానికీ "యెస్ సర్". జడ్జి ఆడమనిషి, అయినా "యెస్ సర్". లాయర్‌ని పెట్టుకునే హక్కు వదులుకుంటున్నావా అంటే "యెస్ సర్". జ్యూరీ విచారణ వదులుకుంటున్నావా అంటే "యెస్ సర్". నాలుగు నిమిషాలు పట్టలేదు. నాకు సలహా చెప్పే హక్కు లేదు. వాళ్లన్నది తెలుగులో, వీడన్నది ఇంగ్లీషులో చెప్పడమే నా ప్రమాణం. నోరు కట్టేసినట్టు నిలబడ్డాను. బయటికి వచ్చి "థాంక్యూ అక్కా, అయిపోయింది" అన్నాడు. ఇక్కడ మీ ప్రశ్న చూడగానే వాడే గుర్తొచ్చాడు.

ఇది ఒక్కడి సంగతి కాదు. 2012లో ఇక్కడి సుప్రీంకోర్టే రాసింది, ఫెడరల్ శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం నేరం ఒప్పుకోవడం వల్ల పడినవేనని. సినిమాల్లో చూపించే జ్యూరీ, వాదనలు చాలా కొద్దిమందికే. మిగతావాళ్లంతా నాలుగు నిమిషాల్లో సంతకం పెట్టి పోయేవాళ్లే. కానీ అడిగితే మాత్రం, 71 డాలర్ల కేసుకైనా ఆరుగురు జ్యూరీని అడిగే హక్కు మీవాడికి ఉంది. "నాట్ గిల్టీ" అంటే అబద్ధం చెప్పినట్టు కాదు. నేరం రుజువు చేయాల్సిన బాధ్యత ప్రాసిక్యూటర్‌ది అని చెప్పడం. ఆ మాట చెప్తేనే సిటీ ప్రాసిక్యూటర్‌తో మాట్లాడే తేదీ ఇస్తారు.

మూడు వారాల గడువు మాత్రం దాటనివ్వకండి. దాటితే వారెంట్ రావచ్చు. తర్వాత ఎప్పుడో టెయిల్‌లైట్ వెలగలేదని పోలీసు కారు ఆపినా ఆ వారెంట్ స్క్రీన్ మీద కనిపిస్తుంది.

---

గాంధీరోడ్డు పాత్రలషాపు (తిరుపతి)

అమ్మా, మీ మెసేజ్ రెండుసార్లు చదివాను. వాడికి వెంటనే ఫోన్ చేశాను. అక్కడ అర్ధరాత్రి. పేమెంట్ పేజీ తెరిచే ఉందట, కార్డు నంబరు కూడా కొట్టి ఉన్నాడు. మూసేశాడు.

స్టోర్ మేనేజర్‌తో మాట్లాడితే లాభం లేదా? స్టోర్ తరఫు వాళ్లెవరో 300 డాలర్లు కట్టమని ఉత్తరం కూడా పంపారట. అది కడితే?

---

రిటైర్డ్ బెంచ్ క్లర్క్ (చిత్తూరు)

అయ్యా, నేను చిత్తూరు కోర్టులో ముప్పై ఒక్క సంవత్సరం పని చేసి రిటైర్ అయినాను. అమెరికా కోర్టు నాకు తెలియదు, మనది తెలుసు. మీరు మనసులో మన పద్ధతి పెట్టుకుని ఆలోచిస్తున్నారు, అందుకే రాస్తున్నాను.

మన దగ్గర దొంగతనం కేసులో సొత్తు యజమాని ఒప్పుకుంటే రాజీకి చట్టంలోనే వీలుంది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లో ఇంకొకటి చేర్చినారు. సొత్తు 5,000 రూపాయల లోపు, మొదటి తప్పు, వస్తువు తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవే శిక్ష. అంతకుముందు కూడా 1958 ప్రొబేషన్ చట్టం కింద మందలించి పంపిన కుర్రాళ్లు నా కళ్ల ముందే వందలమంది. ఆ చట్టం కింద వదిలితే, ఆ శిక్ష వల్ల చట్టప్రకారం వచ్చే అనర్హత ఉండకూడదని 12వ సెక్షన్‌లో రాసి ఉంది. పిల్లోడు ఒకసారి తప్పు చేసినాడని బతుకు తీసేయకూడదని రాసిన సెక్షన్ అది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సెక్షన్.

అది మన దేశంలోనే చెల్లుతుంది. ఎమ్మెల్యే చేత ఫోన్ చేయిద్దాం, ఎవరినైనా పట్టుకుందాం అని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. అక్కడ పోలీసుకు డబ్బు చూపిస్తే అదే ఇంకో పెద్ద నేరం అయి కూర్చుంటుంది.

మీరు ఆ కుంది పిల్లోడిని వదిలేసినారు చూడండి, అది మీ చేతిలో ఉన్న పని కాబట్టి చేయగలిగినారు. అక్కడ ఆ మేనేజర్ చేతిలో ఆ పని ఉందో లేదో ఆ అమ్మగారే చెప్పాల.

---

గ్రీమ్స్‌పేట అమ్మాయి (చిత్తూరు, ఇప్పుడు డల్లాస్)

పెద్దాయన సరిగ్గా అడిగారు. లేదు. టికెట్ రాసిన తర్వాత కేసు స్టోర్‌ది కాదు, స్టేట్ ఆఫ్ టెక్సస్‌ది. స్టోర్ వద్దన్నా ప్రాసిక్యూటర్ నడపొచ్చు. పైస్థాయి కేసులు చూసే జిల్లా అటార్నీ అయితే ఇక్కడ ఓట్లకు నిలబడి గెలవాలి, షెరిఫ్ కూడా అంతే. టెక్సస్‌లో జిల్లా కోర్టు జడ్జిలకూ ఎన్నికలే. దొంగల మీద మెతకగా ఉన్నాడని పోస్టర్లు పడితే ఓడిపోతారు. వచ్చిన కొత్తలో ఇది నాకు మింగుడు పడలేదు. ఇప్పటికీ పడదు. నేరం తగ్గాలని అందరికీ ఉంటుంది, కానీ శిక్ష వేసే చేతికి ఓటు భయం ఉండకూడదని నా అభిప్రాయం. ఈ దేశంలో జైళ్లలో దాదాపు 19 లక్షలమంది ఉన్నారు. వాళ్లలో లక్షలమంది ఇంకా విచారణే జరగనివాళ్లు, బెయిల్ డబ్బు లేక కూర్చున్నవాళ్లు చాలామంది.

300 డాలర్ల ఉత్తరం సివిల్ డిమాండ్ అంటారు. అది స్టోర్ నష్టపరిహారం అడగడం. కట్టినా క్రిమినల్ కేసు ఆగదు. కట్టాలా వద్దా లాయర్‌ని అడిగి చేయండి. మీవాడిని ఆ స్టోర్‌కి వెళ్లి క్షమాపణ చెప్పనివ్వకండి. మళ్లీ రావద్దని రాయించుకుని ఉంటే, అడుగు పెట్టడమే ఇంకో కేసు అవుతుంది.

---

పీలేరు కుర్రోడు

సార్, నేను రాద్దామా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నాకూ ఇదే జరిగింది, వేరే రాష్ట్రంలో, 2022లో. నాది అరెస్టే. చేతులు వెనక్కి పెట్టి బేడీలు వేశారు. ఆ బేడీలతో కారు వెనక సీట్లో కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఒరిగి కూర్చోవాలి, లేకపోతే మణికట్టు మీద బరువంతా పడుతుంది. స్టేషన్‌లో మిషన్ గాజు మీద ఒక్కో వేలూ పెట్టి దొర్లించారు.

నేను చేసిన పెద్ద తప్పు బేడీల ముందే జరిగింది. స్టోర్ గదిలో గార్డు ఎంతో మర్యాదగా "నిజం చెప్పు, సాయం చేస్తాం" అన్నాడు. ఇంతకుముందు ఎన్నిసార్లు తీశావని అడిగితే, ఒకసారి అనుమానం వచ్చేలా ఏదో చెప్పాను. మా నాన్న చిన్నప్పటి నుంచీ పోలీసుకు, టీచర్‌కు దాచకుండా చెప్పమని నేర్పించాడు. అదంతా కాగితం మీదకెక్కింది. తర్వాత లాయర్ చెప్పింది, 1966 మిరాండా తీర్పు ప్రకారం మౌనంగా ఉండే హక్కు చదివి వినిపించాల్సింది కస్టడీలో ప్రశ్నించే పోలీసులే, స్టోర్ గార్డుకు ఆ రూల్ లేదని. మీవాడు ఆ గదిలో ఏం రాసిచ్చాడో ఒక్క అక్షరం దాచకుండా లాయర్‌కు చెప్పమనండి.

నా కేసు కొట్టేశారు. ఏమీ ఒప్పుకోకుండానే. దానికి ఎనిమిది నెలలు పట్టింది. అంతా అయిపోయిందనుకున్నాను. వీసా కోసం డీఎస్-160 నింపుతుంటే ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న వచ్చింది. కొట్టేసినా సరే, యెస్ అనే రాయాలి. రాశాను. కన్సల్టెన్సీలో ఒకాయన నో పెట్టేయమన్నాడు. అలా పెట్టి దొరికితే మోసం చేసి వీసా తీసుకోబోయినట్టు లెక్క, జీవితాంతం నిషేధం పడే సెక్షన్ అది. వేలిముద్రలు వాళ్ల దగ్గర ఉన్నాయి, దొరక్కుండా ఎట్లా పోతాం? ఇంటర్వ్యూలో కోర్టు ముద్ర ఉన్న కాగితం చూపించాను. 221(జి), అంటే ఇంకా పరిశీలించాలని వీసా ఆపే కాగితం, ఇచ్చి పంపారు. పదకొండు వారాలు పీలేరులో కూర్చున్నాను. బజారుకి పోతే ఎప్పుడు పోతావురా అని అడిగేవాళ్లే. చివరికి వీసా వచ్చింది.

కాబట్టి సార్, కేసు తేలాక కోర్టు ముద్రతో రెండు మూడు కాపీలు తీసుకోమనండి. తర్వాత రికార్డు చెరిపేయించుకునే వీలు ఉంటుంది కానీ, కాపీలు తీసుకోకుండా చెరిపేస్తే రేపు చూపించడానికి కోర్టులో కూడా ఏమీ మిగలదు. టికెట్ ఇచ్చి వదిలేస్తే దాన్ని అరెస్టు అని రాయాలా అన్నది ఇమిగ్రేషన్ లాయర్‌నే అడగండి, రూమ్మేట్లను కాదు. పెళ్లి సంగతి చెప్పాలంటే నాకే బాధగా ఉంది. కేసు తేలకుండా ఇండియాకు రావద్దనే నేను చెప్తాను.

---

సాఫ్ట్‌వేర్ సురేశ్ (రేణిగుంట)

అన్నా, నేను రాసింది తప్పు. తెలియక రాశాను. మా రూమ్‌లో కట్టేసినవాడు ఇప్పుడు హెచ్-1బికి అప్లై చేయబోతున్నాడు. వాడికి ఈ పేజీ పంపించాను. ఇందాకే ఫోన్ చేసి అరగంట మాట్లాడాడు. కట్టేసిన తర్వాత ఏమైనా చేయొచ్చా అక్కా?

---

గ్రీమ్స్‌పేట అమ్మాయి (చిత్తూరు, ఇప్పుడు డల్లాస్)

తీర్పు వచ్చిన కొద్ది రోజుల్లోపైతే మళ్లీ విచారణ అడగడానికి, అప్పీలుకి గడువు ఉంటుంది. దాటిపోతే దారి కష్టం, కానీ లాయర్‌కి చూపించకుండా వదిలేయవద్దు. అప్లికేషన్ వేసే ముందే చూపించాలి, తర్వాత కాదు.

---

గాంధీరోడ్డు పాత్రలషాపు (తిరుపతి)

అందరికీ చేతులెత్తి నమస్కారం. పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను.

లాయర్‌ని పెట్టాము. 1,200 కాదు, మాట్లాడితే 900కి ఒప్పుకున్నాడు, రెండు విడతలు. ఇమిగ్రేషన్ లాయర్‌తో కూడా ఒక గంట మాట్లాడించాడు. నాట్ గిల్టీ అని కోర్టుకు పంపినారు. ప్రాసిక్యూటర్‌తో మాట్లాడే తేదీ వచ్చింది. స్టోర్‌లో రాసిచ్చిన కాగితంలో నాలుగు వస్తువుల పేర్లు, సారీ అని మాత్రమే ఉందట.

మా ఆవిడకు చెప్పేశాను. పెళ్లికి రాకపోవచ్చని చెప్పాలంటే కారణం చెప్పక తప్పలేదు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి పోయి వాడికి ఫోన్ చేసి, ఏం తిన్నావని అడిగింది. బాదంపప్పు వాడు ఎందుకు తీశాడో నాకు అప్పుడు తెలిసింది. పరీక్షల ముందు రోజూ నానబెట్టి పది గింజలు ఇచ్చేది వాళ్లమ్మ. అది చేసినదాన్ని మాఫీ చేయదు, నాకు తెలుసు. వాడికీ అదే చెప్పాను.

హియరింగ్ అక్కడ పొద్దున తొమ్మిదింటికి. ఇక్కడ సాయంత్రం ఏడున్నర, నాకు బేరాలు బాగా జరిగే టైము. ఆ రోజు మధ్యాహ్నమే షట్టరు దించేస్తాను. అమ్మా గ్రీమ్స్‌పేట అమ్మాయీ, వాడికి ఇంగ్లీషు వచ్చులే అని ఇంటర్‌ప్రిటర్‌ని అడగలేదు. అడగవచ్చా? లోపల ఉన్నప్పుడు మీలాంటి వాళ్లు ఎవరో ఒకరు పక్కన నిలబడి ఉంటే బాగుంటుందని వాళ్లమ్మ అంటోంది.